ఒక్కపొద్దు నాడు ఇచ్చిన ప్లాస్మా

రక్తదానం గురించి నోరు విప్పితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఏ శిబిరం పెట్టినా మైకు నాదే. "కడుపు నిండా తిని రండి, భయపడేవాళ్ళు ఇంట్లోనే కూర్చోండి" అని దబాయించే జగదీష్ సారు నేనే.

ఆ శనివారం సూర్యాపేట ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. దీవెన అనే అమ్మాయికి కాన్పయ్యాక రక్తం ఆగడం లేదు. ఏబీ గ్రూపు ప్లాస్మా నిల్వ అయిపోయింది, అర్జెంటుగా కావాలి. నాదీ అదే గ్రూపు. వెంటనే బండి తీశాను. కానీ నేరేడుచర్ల బడి నుంచి మిర్యాలగూడకు బదిలీ కావాలని ఏడు శనివారాలు ఒక్కపొద్దు మొక్కుకున్నాను. అది ఐదోవారం. పొద్దున్నుంచి కడుపులో టీ తప్ప ఏమీ లేదు.

"తిన్నరా సార్?" అని నర్సు నీలా అడిగింది.

"తిన్న. మూడు ఇడ్లీలు."

చూడండి నా సిగ్గులేనితనం, లెక్కతో సహా చెప్పాను! నిజం చెబితే వెనక్కి పంపేస్తారు, మొక్కు విడిస్తే బదిలీ రాదు.

యంత్రం రక్తం లాగి, పసుపుపచ్చటి ప్లాస్మాను సంచిలోకి వదిలి, మిగతాది మళ్ళీ నా చేతిలోకే ఎక్కిస్తోంది. కాసేపటికి పెదాల మీద చీమలు పాకినట్టయింది. చెబితే పిరికివాడంటారని మెదలకుండా పడుకున్నాను. ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి కాళ్ళ కింద దిండ్లున్నాయి, యంత్రం ఆగిపోయింది. సంచి సగం కూడా నిండలేదు.

"ఇప్పుడన్న నిజం చెప్పున్రి సార్, తిన్నరా?" అని నీలా నిలదీసింది.

"లేదమ్మా. ఒక్కపొద్దు."

"అయ్యో! మైకుల శ్రీరంగ నీతులు చెప్పేది మీరే గద సార్! కోదాడల మీ గ్రూపే ఉన్న డేవిడ్ అనేటాయనకు ఫోన్ చేసిన. ఆయన వచ్చేసరికి గంటయితది. గంట దాక ఆ పిల్ల ఏం గావాలె?"

తల కొట్టేసినట్టయింది.

తలుపు దగ్గర దీవెన తల్లి జానమ్మ నిలబడి ఉంది. ఒక్కపొద్దన్న మాట ఆమె చెవిన పడినట్టుంది. టిఫిన్ డబ్బా పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డ కోసం ఉపాసమున్నరా సార్? మా చర్చి సంఘమంత నిన్నటి సంది ఉపాస ప్రార్థనలనే ఉన్నది. ముక్కు మొహం తెల్వని మీరు సుత..." అంటూ పెరుగన్నం ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను.

"నీ బిడ్డ కోసం కాదమ్మా. నా బదిలీ కోసం. తిన్ననని అబద్ధం గూడ చెప్పిన."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా మొహం వంక చూసింది, సగం సంచి వంక చూసింది. తిడితే బాగుండునని నిజంగా అనిపించింది.

"నోరు తెరువున్రి సార్" అంది చివరికి. "గీడ ఒక్క బిడ్డ పడుకున్నది సాలు."

ఇంత పెద్ద నోరూ తెరిచి ఆ ముద్ద తిన్నాను. పెడుతున్నంతసేపూ ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది. డేవిడ్ రావడానికి ఇంకా నలభై నిమిషాలు ఉన్నాయి.