ఆవిడకేముంటాయమ్మా

మా అత్తయ్య తన దుప్పటి తనే ఉతుక్కోవడం మొదలుపెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. అందరికంటే ముందే లేచేది. వాషింగ్ మెషిన్ వేస్తే చప్పుడవుతుందని బాత్‌రూమ్‌లో బకెట్లో నానబెట్టి, చేత్తోనే పిండి, వెనక బాల్కనీలో ఆరేసి, నేను వంటింట్లోకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేది. ఈ ఇంట్లో అందరి బట్టలూ ఉతికేది నేను. ఆఫీసుకి పోయే ముందు మెషిన్లో వేసి, వచ్చాక ఆరేసి, మడతలు పెట్టి ఎవరివి వాళ్ల అలమరలో సర్దేది నేను. అలాంటిది తన దుప్పటి ఒక్కటీ వేరు చేసుకుందంటే నా ఉతుకుడుకి వంక పెట్టినట్టే కదా! "నేనుతికితే మురికి పోవట్లేదా అత్తయ్యా?" అన్నాను ఒకరోజు. నవ్వుతూనే అన్నాను, కానీ గుచ్చుకోవాలనే అన్నాను. ఆవిడ తలెత్తలేదు. "అదేం లేదమ్మాయ్, చేతులకి కాస్త పని కావద్దూ" అంది. గుచ్చుకుందని తెలిసింది. తృప్తిగా కూడా అనిపించింది. ఆ తృప్తి గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

అదొక్కటే కాదు. సాయంత్రం పార్కులో తన స్నేహితురాళ్లతో కూర్చోవడం మానేసింది. లైబ్రరీకి పోవడం మానేసింది. "మా అమ్మకి ఈ మధ్య బద్ధకం బాగా ముదిరింది" అని మా ఆయన ఆటపట్టిస్తే నేనూ నవ్వాను. భోజనాల దగ్గర ఆవిడ గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉండేవి. వాటిని తీసుకెళ్లి కిటికీలో మొక్కకి పోసేదాన్ని. నీళ్లు వృథా పోనివ్వని మంచి ఇల్లాలిని మరి!

నేను పనిచేసేది పెద్దవాళ్ల ఆరోగ్య బీమా ఆఫీసులో, సలహా కౌంటర్లో. రిటైరైన వాళ్లు వచ్చి ఏ ప్లాన్‌లో చేరాలో అడుగుతారు. ప్రతి ప్లానుకీ అది డబ్బిచ్చే మందులు కొన్ని ఉంటాయి. మీ మందు అందులో ఉంటే షాపులో కొంచెం కట్టి తెచ్చుకోవచ్చు, లేకపోతే మొత్తం మీ చేతి డబ్బే. ప్లాన్ మార్చుకోవాలంటే ఏడాదికోసారి కొద్ది వారాల గడువు ఇస్తారు. అది దాటితే మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే. అందుకే నేను వచ్చినవాళ్లందరికీ నోరు నొప్పెట్టేలా చెప్తుంటాను: ముందు మీరు వాడే మందులన్నీ చెప్పండి, ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం.

జంటగా వచ్చారంటే మాట్లాడేది భర్తే. ఆయన మందులు ఆయన చెప్తాడు, ఆవిడ మందులూ ఆయనే చెప్తాడు. ఆవిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని దాని జిప్పు లాగుతూ, వేస్తూ ఉంటుంది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, "అయ్యా, పుణ్యం ఉంటుంది, ఆ మూల నుంచి కాస్త మంచినీళ్లు తెచ్చిపెడతారా?" అంటాను. ఆయన అలా వెళ్లగానే ఆవిడ ముందుకి వంగుతుంది. నిద్రకి ఒకటీ, మనసు బాగోక ఒకటీ, ఆయనకి తెలీనివి అన్నీ గబగబా చెప్పేస్తుంది. ఈ ఉపాయానికి ఆఫీసులో నాకు 'మంచినీళ్ల మేడమ్' అని పేరు పెట్టారు. సూపర్‌వైజర్ పోస్టుకి నా పేరు పైకి పంపిందీ ఇది చూసే.

ఇంత తెలివైనదాన్ని, మొన్నటి గడువులో ఇంట్లో ఏం చేశాను? డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పొయ్యి మీద పాలు, ఇస్త్రీ పెట్టె దగ్గర మా ఆయన చొక్కా. మామయ్యకి ఆయాసానికి కొత్త ఇన్‌హేలర్ రాశారు, అది వచ్చే ప్లాన్ ఒకటి దొరికింది. "అత్తయ్య మందులో?" అన్నాను. అడిగింది మామయ్యని. "ఆవిడకేముంటాయమ్మా, ఆ బీపీ మాత్ర తప్ప! నాదే ఆవిడకీ పెట్టెయ్. ఇద్దరికీ ఒకటే అయితే నీకూ గొడవుండదు" అన్నారాయన. పొయ్యి దగ్గరున్న అత్తయ్య ఇటు తిరిగింది. నోరు తెరిచింది. నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే ఎంత బాగుండు! కానీ చూశాను. ఈలోగా మా ఆయన లోపల్నుంచి "చొక్కా అయిందా?" అని కేకేశాడు, ఆవిడ మళ్లీ పాల వైపు తిరిగిపోయింది, నేను ఇద్దరికీ అదే ప్లాన్ నొక్కేశాను. అయిపోయింది.

పోయిన వారం కౌంటర్‌కి ఒక జంట వచ్చారు. షరా మామూలే, ఆయన్ని నీళ్లకి పంపించాను. ఆవిడ వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "ఉచ్చ ఆగడానికి ఒక మాత్ర వేసుకుంటానమ్మా. అది మాత్రం పోనివ్వకు. ఒకసారి మధ్యలో ఆపేస్తే గడప దాటలేకపోయాను. నీళ్లు తాగాలంటే భయం. తెల్లారేసరికి పక్కంతా..." అని ఆగిపోయింది. ఆమె ఆగింది గానీ నా తల ఆగలేదు. దుప్పటి, బకెట్టు, నిండు గ్లాసు, పార్కు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఆమె భర్త నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ గ్లాసు ముట్టుకోలేకపోయాను.

ఇంటికెళ్లి, మామయ్య వాకింగ్‌కి పోయేదాకా ఆగి, ఆవిడ గదిలోకి వెళ్లాను. "అత్తయ్యా, మీరేదో మాత్ర మానేశారు కదూ?" అన్నాను. "షాపులో ఈ ప్లాన్‌లో రాదన్నారు. పాతదాంట్లో వచ్చేది. బయట కొనుక్కోమంటే, అంత డబ్బు మీ మామయ్యని అడగాలి. ఎందుకంటే చెప్పాలి" అంది. "నన్నడగొచ్చుగా!" అన్నాను, అరిచినట్టే. తప్పు చేసినదాన్ని నేను, అరిచిందీ నేనే. ఆవిడ ఏమాత్రం కోపం లేకుండా, "ఎప్పుడడగనమ్మాయ్? నువ్వెప్పుడు కూర్చుంటావ్?" అంది.

తిట్టినా బాగుండేది. ఊళ్లో ఆడవాళ్లందరి గుట్టూ కనుక్కునేదాన్ని, పక్క గదిలో మనిషిని అడగలేదు. పైగా దుప్పటి ఉతుక్కున్నందుకు దెప్పాను. ఆ దుప్పటి పిండడానికి ఆ కీళ్లనొప్పుల చేతులు ఎంత బాధపడ్డాయో! ఏ పని చేస్తున్నా అవే కళ్ల ముందుకొచ్చేవి. మా ఆయనకి చెప్తే, "ఊరందరికీ చెప్తావు, మా అమ్మకి చూసుకోలేకపోయావా?" అన్నాడు. నిజమేగా! వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోముతుంటే మాత్రం అనిపించింది: కన్నకొడుకు, ఇన్నేళ్లలో అమ్మా నువ్వేం మందులు వేసుకుంటున్నావని అడిగాడా? కట్టుకున్న మనిషికి తెలీదు. తెలియకపోవడం వాళ్లకి తప్పు కాదు, నాకు తప్పు. అలా అనుకుంటే నా బరువు తగ్గుతుందేమోనని చూశాను. ఏమీ తగ్గలేదు. నోరు తెరిచిన ఆ ముఖాన్ని చూసింది నేను కదా.

ఆవిడ ప్లాన్ మార్చడానికి దారి ఒకటే ఉంది. చేరే మనిషిని అడక్కుండా సలహాదారే పొరపాటుగా చేర్చారని రాసిస్తే, గడువు లేకపోయినా మళ్లీ చేర్చుకుంటారు. రాయాల్సింది నేను. నా పేరుతో, నా సర్వీసు కాగితాల్లోకి ఎక్కేలా. "పిచ్చా నీకు? ప్రమోషన్ ముందు పెట్టుకుని! ఇంకొన్ని నెలలు బయట కొనిద్దాం, ఏడాది తిరిగాక గుట్టుచప్పుడు కాకుండా మార్చెయ్" అన్నాడు మా ఆయన. మాట సబబుగానే ఉంది. సబబైన మాటలు నేను చాలా విన్నాను ఈ ఇంట్లో. ఇద్దరికీ ఒకటే పెట్టెయ్ అన్నదీ సబబైన మాటే. ఆ సాయంత్రమే మందు కొని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. మర్నాడు ఆఫీసులో రాసిచ్చేశాను. మా మేనేజర్ చదివి, కళ్లద్దాలు తీసి, "సూపర్‌వైజర్ సంగతి ఇక మర్చిపోవాలమ్మా" అన్నాడు. ఏడుపొచ్చింది. ఆ పోస్టు నాకు కావాలి, చాలా కావాలి. కానీ కాగితం వెనక్కి తీసుకోలేదు.

కొత్తగా చేర్చేటప్పుడు వేరే సలహాదారు ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. నిన్న అత్తయ్యనీ మామయ్యనీ ఆఫీసుకి తీసుకొచ్చాను. మందు ఇంకా ఒంటబట్టలేదు, పొద్దున్నుంచి ఆవిడ గుక్కెడు నీళ్లు తాగలేదు. పక్క కౌంటర్ ఆవిడ అడగడం మొదలుపెట్టగానే మామయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "నేను చెప్తా రాసుకోండి. ఆవిడకి బీపీ మాత్రే..." నాకు అలవాటేగా, ఆయన భుజం మీద చెయ్యేసి, "మామయ్యా, కాస్త మంచినీళ్లు తెచ్చిపెడతారా?" అన్నాను. ఆయన లేవబోయారు. అత్తయ్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నా వైపు తిరిగి, "ఈయన్నెందుకు పంపిస్తావమ్మాయ్? అందరూ ఇలా బయటికి పంపించబట్టే ఇన్నేళ్లూ ఈయనకేం తెలీలేదు" అంది.

నీళ్లకి పంపించిన మగవాళ్లందరూ గుర్తొచ్చారు. తిరిగొచ్చి, ఏమీ తెలియని ముఖంతో భార్య పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అత్తయ్య చేతిసంచి తీసి బల్ల మీద పెట్టింది. వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి కూడా వినిపించేలా, భర్త ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"నాకు ఉచ్చ ఆగదు. రాసుకోండి."