నీలం కుక్కలో ఊపిరి

సుష్మకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక పొద్దున్న కూతురు అమ్మడు లేచేసరికి నీలం కుక్క గాలి దిగిపోయి నేలమీద పడుంటుందని.

అది బెలూన్ కుక్క. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన సుష్మ, కూతురి పుట్టినరోజుకని ఫోన్లో చూసి నేర్చుకుంది. పొడుగు బెలూన్‌ని పంపుతో ఊది, కొసన కాస్త గాలి లేకుండా వదిలి, ఒకే వైపుకి మెలి తిప్పితే మూతి, చెవులు, కాళ్ళు, తోక వస్తాయి. మొదట్లో డైరీ ఫార్మ్ పేటలోని వాళ్ళింట్లో బెలూన్లు పగిలి రోజంతా టపాకాయల మోతే. మొగుడు మల్లేశు నవ్వేవాడు.

"చేప కన్నా జారిపోతందేటే ఇది!"

నవ్వుతూనే తనూ నేర్చుకున్నాడు. పంపు ముట్టేవాడు కాదు, నోటితోనే ఊదేవాడు. చివరికి వలదారంతో వల ముడి బిగించేవాడు. వేటకెళ్ళే పొద్దున్న నీలం కుక్కని చేసి కూతురి చేతిలో పెట్టి, "ఇందులో నాన్న ఊపిరుంది, జాగర్త," అన్నాడు. ఇంకో గుప్పెడు బెలూన్లు జేబులో వేసుకుని తన డుంగీ పడవ ఎక్కాడు.

మళ్ళీ రాలేదు. వెతికే బోట్లు కూడా వెనక్కొచ్చేశాయి.

అలాంటి బెలూన్ రెండు మూడు రోజులకే మెత్తబడుతుందని సుష్మకి తెలుసు. నెల దాటినా కుక్క బిర్రుగానే ఉంది. దానికి అదే వల ముడి. గాలి ఎందుకు దిగడం లేదో తెలియక బెదిరేది. వంట చేస్తూ చేస్తూ వెనక్కి తిరిగి చూసుకునేది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ బిందెతో లోపలికొస్తే, వెనక గదిలో అత్త కాసులమ్మ గోడకి ఆనుకుని కూర్చునుంది. నోట్లో నీలం బెలూన్. పెదాలూ నీలంగానే ఉన్నాయి. పక్కన చప్పబడిన పాత కుక్క.

"అత్తా! ఆయాసం మనిషివి! పంపుందిగా!"

"పంపులో గాలి ఎవులిదే?" ముసలామె గొంతులో పిల్లికూతలు. "నాదయితే ఆడి రగతమే. ఈ ముడీ నాను నేర్పిందే ఆడికి."

సుష్మ బిందె దించింది. ఇన్నాళ్ళూ బెదిరింది ఇందుకా అనుకునేలోపు ఫోన్ మోగింది. రంగత్ ఊళ్ళో చేపలు కొనే ఉమేష్.

"దీదీ, డుంగీ మిల్ గయా, దొరికింది. ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆద్మీ కోయీ నహీ, మనిషెవరూ లేరు. ఇంజన్‌కి ఒక బెలూన్ కుక్క కట్టుంది, అంతే."

"గాలి దిగిందా భయ్యా?"

"లేదు. నిన్న ఊదినట్టుంది."

"ముడి?"

ఉమేష్ ఫోన్‌తోనే ఇంజన్ దగ్గరికి నడిచినట్టున్నాడు, అలల చప్పుడు దగ్గరైంది.

"వల ముడి, దీదీ."

కాసులమ్మ అంతా వింది. బెలూన్ మళ్ళీ నోట పెట్టుకుంది.

"యెల్లు, ఆణ్ణి తీసుకురా. ఇక్కడ గాలి దిగిపోతే అక్కడ ఆడి ఊపిరీ దిగిపోద్దే. నువ్వొచ్చేదాకా దిగనివ్వను."

ఇక ఊదొద్దని సుష్మ అత్త కాళ్ళు పట్టుకుని బతిమాలింది, తిట్టింది. తెల్లారి అమ్మడిని ఎత్తుకుని రంగత్ బస్సెక్కేటప్పుడు బెలూన్ల పొట్లం తన సంచిలోనే పెట్టుకుంది. కానీ ముసలామె కొంగున ఎన్ని మూటగట్టుకుందో ఎవరు చూశారు?

మీలో ఎవరైనా డైరీ ఫార్మ్ వైపు వెళ్తే, వాకిట్లో వల ఆరేసిన ఇంటి తలుపు కాస్త గట్టిగా కొట్టండి. లోపల పిల్లికూతలు వినిపిస్తే మంచిదే. వినిపించకపోతే మాత్రం పిలుస్తూ నిలబడకండి. తలుపు తోసుకెళ్ళి కాసులమ్మని చూడండి.