ఏడు బట్టీలు చల్లారిన వారం

గియోమార్ అత్త సంచిలోంచి రెండు రొట్టెలు తీసి ఒకదానికొకటి కొట్టి చూపించింది. మంచి ఓడ రొట్టె అయితే పెంకు పెంకుకు తగిలినట్టు మోగుతుంది. ఇవి తడిచెక్కల్లా చప్పగా పలికాయి.

"ఇవి ఓడెక్కే రొట్టెలు కావు మేస్త్రీ. రెండో కాల్పు పడలేదు," అంది.

మేస్త్రి సిమావు ఆమె చేతిలోని రొట్టె లాక్కుని, దానితోనే ఆమె నోటిమీద కొట్టాడు. ఆమె అరవై ఏళ్ల మనిషి. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదుగా పిండిలోకి కారింది. ఆ పిండిని తీసి పారేయమని కూడా అతను చెప్పలేదు. బల్లల దగ్గర నలభై మంది ఆడవాళ్ళం ఉన్నాం. నలభై మందిమీ తల వంచుకుని పిండి పిసుకుతూనే ఉన్నాం. నేనూ అంతే.

తేజు నదికి దక్షిణపు ఒడ్డున మా బట్టీలు. ఎదుటి ఒడ్డున లిస్బన్. మార్చిలో ఇండియాకు బయలుదేరే ఓడలకు ఆరు నెలల తిండి మా చేతుల మీదుగానే పోవాలి. రొట్టెను ఒకసారి కాల్చి, ఆరబెట్టి, మళ్ళీ సన్నటి వేడిలో ఒక పగలంతా ఉంచుతాం. లోపలి తడి ఆ రెండో కాల్పులోనే పోతుంది. తడి పోతేనే రొట్టె నిలుస్తుంది. ఆ ఏడు గుత్తేదారు దువార్తె పెస్తాన రెండో కాల్పు తీసేశాడు. గాలి అదను తప్పితే ఓడలు ఇంకో ఏడాది ఆగాల్సి వస్తుంది, అందుకే తొందర అని చెప్పించాడు. అసలు సంగతి మా అందరికీ తెలుసు. రెండో కాల్పుకు రావలసిన కట్టెలు, ఓడలకు పూసే తారు కాచే అతని సొంత బట్టీలకు పోతున్నాయి.

మా తమ్ముడు ఐరెస్ ఆ ఏడే ఓడ పనిలో చేరాడు. మొదటి ప్రయాణం. మా బట్టీల ఎదురుగా, నది నడుమ లంగరేసి ఉన్న మూడు ఓడల్లో ముందున్నది వాడిదే. వాడు సముద్రంలో తినబోయే రొట్టెలు నా చేతుల్లోనే తయారవుతున్నాయి. ఏ రొట్టె ఎలా ఉందో నాకు తెలుసు. తెలిసీ పిసుకుతున్నాను.

రెండో కాల్పు పోవడంతో మొదటి కాల్పులు రెట్టింపయ్యాయి. మంట వేసే మనుషులకు ఊపిరి తీసుకునే తీరిక లేకుండా పోయింది. వాళ్ళు ఆరుగురు. గినీ తీరం నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన వాళ్ళు. పెస్తాన లెక్కలో గాడిదలూ జల్లెడలూ లాంటి సొత్తు. శుక్రవారం నాడు వాళ్ళలో లోపో అనే అతను వేడికి సొమ్మసిల్లి బట్టీ నోటిలోకి ముందుకు పడ్డాడు. పక్కనే మంట వేస్తున్న డొమింగోస్ కాళ్ళు పట్టి వెనక్కి లాగాడు. లోపో రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. మేస్త్రి అతన్ని పక్కకు పడుకోబెట్టించి, ఐదుగురితోనే మంట వేయించాడు.

ఆదివారం పూజ ముగిశాక గియోమార్ అత్త అందర్నీ ఉప్పుమడుల గట్టు మీదికి రమ్మంది. వాచిన పెదవితోనే మాట్లాడింది. ఆమె అల్లుడు బ్రాస్ రెండుసార్లు ఇండియా వెళ్ళొచ్చిన ఓడవాడు. ఒక్క కాల్పు రొట్టె ఏమవుతుందో అతను చెప్పాడు. గినీ తీరం దగ్గర గాలి ఆగిపోయిన రోజుల్లో సంచులు విప్పితే పచ్చటి పొడి లేచిందట. పురుగులు ఏరుకుని తిన్నారట. తర్వాత తోలుపట్టాలు నానబెట్టుకుని తిన్నారట. చచ్చిపోయిన వందమందికి పైగా మనుషుల్ని సముద్రంలోకి దించామన్నాడు.

నలుగురు పిల్లల తల్లి మేసియాకు ఇదంతా నచ్చలేదు. పని మానేస్తే తన పిల్లలకు ఎవరు వండిపెడతారని అడిగింది. "నీ అల్లుడొస్తాడా అత్తా? ఆయనకు నమలడానికే పళ్ళు లేవు," అంది.

"నువ్వు వండు, నేను మింగుతాలే," అన్నాడు బ్రాస్. అందరూ నవ్వారు. బట్టీలు ఆర్పేయాలన్న మాట అప్పుడే పైకి వచ్చింది.

డొమింగోస్, ఇంకో ఇద్దరు మంట మనుషులు అప్పటికే వచ్చి దూరంగా నిలబడి ఉన్నారు. వాళ్ళు లేకుండా బట్టీలు ఆరవు. గియోమార్ అత్త అతన్ని నీ మాటేమిటని అడిగింది. అతను గొంతు పెంచకుండా చెప్పాడు.

"నన్ను తెచ్చిన ఓడలో కూడా మీ రొట్టే తిన్నారు. ఆ రొట్టె కుళ్ళి ఉంటే ఆ ఓడ మా తీరం చేరేదే కాదు. దాన్ని బాగుచెయ్యడానికి నేనెందుకు రావాలి?"

ఓడవాళ్ళు కూలివాళ్ళేననీ, దొరలు పొమ్మన్నచోటికి పోతారనీ బ్రాస్ ఏదో చెప్పబోయాడు. గియోమార్ అత్త ఆపింది.

"నువ్వు ఎవరికైనా గొలుసు వేశావా లేదా, అది చెప్పు."

బ్రాస్ ఉప్పుమడి వైపు ముఖం తిప్పుకున్నాడు. "వేశాను," అన్నాడు.

బ్రాస్ పక్కనున్న ఆడవాళ్ళు కాస్త ఎడంగా జరిగారు.

"మీ రొట్టె కోసం నేను రాను," అన్నాడు డొమింగోస్. "లోపో చేతుల కోసం వస్తాను. రెండో కాల్పు తిరిగొస్తే మాకు మంట సగానికి తగ్గుతుంది. నాకు అది కావాలి. కానీ బట్టీలు ఆరితే వాళ్ళు ముందు కట్టేది మిమ్మల్ని కాదు, నన్ను. అప్పుడు మీరేం చేస్తారో ఇప్పుడే చెప్పండి."

జవాబు చెప్పింది అంతసేపూ వద్దన్న మేసియాయే.

"నిన్ను తీసుకుపోవాలంటే పడవ కావాలిగా. పడవెక్కడం మాకూ వచ్చు."

సోమవారం పొద్దున పని మొదలయ్యే వేళకు డొమింగోస్ పొడుగు పారతో మొదటి బట్టీలోని నిప్పులన్నీ వాకిట్లోకి లాగాడు. పిండి కలిపే నీళ్ళ కుండలు మేమంతా ఒక్కొక్కటి తెచ్చి నిప్పుల మీద కుమ్మరించాం. తర్వాత రెండోది. తర్వాత మూడోది. కాల్పుల కాలం మొదలయ్యాక ఈస్టర్ దాకా ఆరకూడని బట్టీలవి. ఏడూ ఆరిపోయేసరికి వాకిలంతా ఆవిరి కమ్మి ఎదుటి మనిషి కనిపించలేదు. మేస్త్రి అరుస్తూ పడవ వైపు పరిగెత్తాడు.

పెస్తాన ఎదుటి ఒడ్డు నుంచి ఎనిమిది మంది సిపాయిలతో వచ్చాడు. ఎవరు ఆర్పారని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. డొమింగోస్‌నూ గియోమార్ అత్తనూ వేలుతో చూపించాడు. సిపాయిలు ఇద్దరి చేతులూ వెనక్కి కట్టి పడవలో కూర్చోబెట్టారు.

మేసియా గౌను మోకాళ్ళ పైకి దోపుకుని నీళ్ళలో దిగి పడవెక్కింది. వెనకే నా పక్క బల్ల దగ్గర పిసికే ఇనెస్ ఎక్కింది. నేను ఎక్కాను. ఇద్దర్ని ఇటు తోసేస్తే నలుగురు అటునుంచి ఎక్కారు. ఇంత బరువుతో పడవ కదలదు దొరా అన్నాడు పడవవాడు, తెడ్డు భుజాన పెట్టుకుని తీరిగ్గా. ఆటుపోటు తెలిసిన వాడు కనుక అతను తొందరపడలేదు. నీరు వెనక్కి తీస్తోంది. చూస్తుండగానే పడవ బురదలో కూరుకుపోయింది. నలభై మంది ఆడవాళ్ళం, కట్లతో ఇద్దరు, బూట్లు తడిసిన సిపాయిలు, అందరం ఆ బురద మీదే ఉండిపోయాం. పోటు తిరిగి రావాలంటే సగం పగలు పడుతుంది.

ముందున్న ఓడ ఆ ఆటు మీదే నది మొగదాకా దిగాలి. మేం చిన్న పడవలో పంపిన బ్రాస్ లోతు నీళ్ళ వెంబడి ఒక్కో ఓడ కిందికీ పోయి, సంచుల్లో ఏముందో, మేమెందుకు బురదలో కూర్చున్నామో కేకేసి చెప్పాడు. మనుషులు ఓడ అంచుకు చేరారు. లంగరు ఎత్తమని ఈల మోగింది. లంగరు చక్రం తిప్పడానికి అరవై మంది ఒక్కసారిగా ఆనాలి. మళ్ళీ ఈల మోగింది. ఎవరూ చక్రం దగ్గరికి పోలేదు. అంత దూరం నుంచి మా తమ్ముడెవరో నాకు తెలియలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళందర్నీ వాడేననుకుని చూశాను.

పోటుతోపాటు ఇంకో మూడు పడవల సిపాయిలు వచ్చారు. జుట్లు పట్టి మమ్మల్ని నీళ్ళలోకి ఈడ్చారు. ఇనెస్ చెయ్యి విరిగింది. ఆ ఇద్దర్నీ తీసుకుపోయారు.

మర్నాడు సిపాయిలే బట్టీలు వెలిగించారు. చల్లారిన బట్టీని మూడు రోజులు పుల్లలతో, గుప్పెడు గుప్పెడుగా వేడి చేయాలి. మేస్త్రి సిమావు తన జన్మలో మంట పెట్టినవాడు కాదు. కట్టెలన్నీ ఒక్కసారే కుక్కించాడు. మధ్యాహ్నానికి మొదటి బట్టీ కప్పు ఫిరంగి పేలినట్టు చీలింది. కాసేపటికి రెండోదీ చీలింది. మిగిలినవాటి జోలికి వాళ్ళు పోలేదు.

గురువారం పెస్తాన ఉప్పుమడుల గట్టుకు తనే నడిచొచ్చాడు. అమ్మా అని పిలిచాడు. అలా పిలవడం మొదటిసారి విన్నాం. ప్రతి సంచిలోంచి ఒక రొట్టె తమ ముందు విరిస్తేగాని లంగరు ఎత్తమని ఓడవాళ్ళు కూర్చున్నారట. గాలి అదను దాటిపోతోందట. రెండో కాల్పుకు ఒప్పుకున్నాను, వచ్చి ఐదు బట్టీలూ వెలిగించండి అన్నాడు.

మా తమ్ముడికి మంచి రొట్టె దొరుకుతుంది. నాకు కావలసింది అదే. తల ఊపి లేస్తే సరిపోయేది. ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మేం పిండి పిసికేవాళ్ళం దొరా. మంట తెలిసిన మనిషిని మీరు కట్టి తీసుకుపోయారు. అతన్నీ గియోమార్ అత్తనూ తీసుకురండి. కట్లు లేకుండా."

ఒక్క బానిస కోసమా, వాడి బదులు పదిమందిని తెస్తానన్నాడు పెస్తాన.

"తెచ్చుకోండి," అంది మేసియా. "పగలగొట్టుకోవడానికి ఇంకా ఐదు కప్పులున్నాయి."

అతను వెనక్కి తిరిగాడు. ఆ ఇద్దర్నీ తెస్తాడో, ఇంకా ఎక్కువమంది సిపాయిల్నే తెస్తాడో మాకు తెలియదు. అప్పటికి మంట మనుషులు లోపోను నడిపించుకుంటూ గట్టు మీదికి వచ్చారు. ఈసారి దూరంగా నిలబడలేదు. మేసియా జరిగి చోటిచ్చింది. గుడ్డలు చుట్టిన చేతులతో తినలేడు కనుక ఆలివ్ కాయలు గింజ తీసి అతని నోటికందించింది. బట్టీల దగ్గర మేస్త్రి పని గంట కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు.

గట్టు మీంచి ఒక్కరం కూడా లేవలేదు.