సింగన్న మావయ్య బొమ్మకు దండ

గోడల మీద ఎరువుల కంపెనీల పేర్లు రాసి బతికినదాన్ని. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, నర్సీపట్నం బస్టాండు దగ్గర చిన్న కొట్టు తీసుకుని, మనుషుల బొమ్మలు గీసిస్తానని బోర్డు పెట్టాను. నెలాఖరుకు ఒక్క బేరమైనా రాకపోతే జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేరతానని అమ్మకు మాటిచ్చాను. పిక్కల్లోంచి కారే జీడి రసానికి వేళ్లు కాలి బొబ్బలెక్కుతాయి. ఆ వేళ్లతో మళ్లీ కుంచె పట్టలేనని నా భయం.

నమూనాకని మా మేనమామ సింగన్న బొమ్మ వేశాను. కోటవురట్లలో చెరకు రైతు. ఎండకు మాడిన ముఖం, చెవి మీద సగం కాల్చిన చుట్ట, అన్నీ దించి, ఫ్రేము కట్టించి గుమ్మానికెదురుగా తగిలించాను. జనం ఆగి చూసేవారు, పోయేవారు. చూసినందుకు డబ్బులడగనని తెలుసు కాబోలు.

శుక్రవారం పొద్దున కొట్టు తెరిచిపెట్టి వెళ్లి, రంగులు కొనుక్కొచ్చేసరికి కొట్టు ముందు గుంపు. మావయ్య వీధిలో ఉండే వరహాలక్ష్మి పిన్ని ముక్కు చీదుతోంది. బొమ్మకు బంతిపూల దండ వేలాడుతోంది. మావయ్య పసుపు బేరానికి కొయ్యూరు వెళ్లి మూడు రోజులైంది. కబురు నాకంటే ముందు వీళ్లకు తెలిసిందనుకున్నాను. ఫోను చేస్తే మోగలేదు. అక్కడే చతికిలబడి ఏడ్చాను.

అంతలో కొయ్యూరు బస్సు దిగి, సంచీ భుజానేసుకుని మావయ్యే వచ్చాడు. గుంపును తోసుకుని తన బొమ్మను, దండను చూశాడు.

"ఏటే దుర్గా, నానెప్పుడు పోనాను?"

హమ్మయ్య అని ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. మా వరసలో కొట్లన్నిటికీ పూలమ్మే సోమలమ్మే శుక్రవారం దండలు వేసి వెళుతుంది. కొట్లో ముసలాయన పటముంటే పోయిన పెద్దాయనేనని ఆవిడ లెక్క. దేవుళ్లతోపాటు మావయ్యకూ వేసేసింది. బస్సులో పోతూ దాన్ని చూసిన పిన్ని అందరికీ ఫోన్లు చేసి పిలిపించింది.

నలుగురూ తిడతారనుకున్నాను. పిన్ని మాత్రం బొమ్మనూ మావయ్యనూ మార్చి మార్చి చూసింది.

"అచ్చు గుద్దినట్టున్నాడు. నాకూ ఓటి గీసీయే, బేగి. నాను పోతే మావోలు ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది సేసి ఎట్టేత్తారు. అందులో దొంగలాగున్నాను."

అందరూ నవ్వారు. ఆ తర్వాత తమ ఆధార్ ఫోటోలు గుర్తొచ్చాయో ఏమో, మరో ఇద్దరు పేర్లు రాయించుకున్నారు.

బొమ్మ మీది దండ తీసి మావయ్య మెడలో వేశాను. బతికున్నవాడి మెడలో పడితే అది సన్మానమే కదా. పిన్ని అప్పటికే స్టూలెక్కి, కొంగు సర్దుకుని, ముక్కుపుడక బాగా కనబడాలని పురమాయిస్తోంది. ఫ్యాక్టరీకి వెళ్లనని అమ్మకు సాయంత్రం చెప్పవచ్చులే అనుకుని పెన్సిలు చెక్కుకున్నాను.