మెత్తని చేయి

జీను కింద పరిచే దుప్పట్లను ఆమె వేరే బకెట్టులో నానబెట్టి, చేత్తోనే ఉతుకుతుంది. మెషీన్‌లో వేస్తే వెంట్రుకలు ఇరుక్కుంటాయని భర్త ఒకసారి కేకలేశాడు. ఎంత రుద్దినా గుర్రం చెమట వాసన పోదు. ఆ వాసన అతని చొక్కాల్లోనూ తలగడలోనూ ఉంటుంది.

భర్త ఇంగ్లీషు పద్ధతి స్వారీ నేర్పే శిక్షకుడు. ఈ ఏడాది ఒక మూడేళ్ల ఆడగుర్రానికి తొలిపాఠాలు చెబుతున్నాడు. స్వారీ నేర్చుకోవడానికి కొత్తగా చేరిన డాక్టరమ్మ అందంగా ఉందట, మొగుడి మీద ఓ కన్నేసి ఉంచమని అత్తగారు హెచ్చరించింది. ఆమెకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ అయితే ఎంత బాగుండేది! మనిషితో అయితే మనిషి పోటీ పడగలదు.

మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లి కంచె దగ్గర నిలబడేది. పొడవాటి పగ్గం పట్టుకుని అతను ఆ ఆడగుర్రాన్ని గుండ్రంగా నడిపిస్తూ ఉండేవాడు. బెదిరితే కొట్టకూడదని, ఎందుకు బెదిరిందో మనమే కనుక్కోవాలని, మాట విన్న మరుక్షణం పగ్గం వదులు చేయాలని శిష్యులకు చెప్పేవాడు. దాన్ని "బంగారం" అని పిలిచేవాడు. పెళ్లయిన కొత్తలో తనకూ స్వారీ నేర్పమని ఆమె అడిగితే, నీకంత నిలకడెక్కడిది అన్నాడు. అప్పటికి పెళ్లయి ఇరవై రోజులు. ఇప్పటికి పదకొండేళ్లు.

అతను పోటీల పనిమీద మూడు రోజులు ఊరెళ్లాడు. లాయం మనిషికి నడుం పట్టేసింది. రోజూ పది నిమిషాలు గుర్రాన్ని నడిపించమని భర్త ఆమెకే ఫోన్ చేసి చెప్పాడు. మొదటిరోజు ఎగిరిపడిన ప్లాస్టిక్ కవరు చూసి గుర్రం ఆగిపోయింది. ఆమె పగ్గాన్ని బలమంతా పెట్టి గుంజింది. అది తల పైకెత్తి, కళ్లు తెల్లబడేలా చూసి, వణుకుతూ నిలబడిపోయింది. ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. తర్వాత దాని నోటి మూల నురగలో ఎర్రటి చార కనిపించగానే పగ్గం వదులు చేసింది.

మిగతా రెండు రోజులూ పగ్గం వదులుగా పట్టుకుని ఊరికే దానికి కాస్త దూరంలో నిలబడింది. రెండో రోజంతా అది దగ్గరికి రాలేదు. మూడోరోజు సాయంత్రం తనంతట తనే వచ్చి ఆమె భుజం వాసన చూసింది.

భర్త తిరిగొచ్చాక ఆమె జరిగింది దాచలేదు. అతను ముందు గుర్రం దగ్గరికే పరుగెత్తి, పెదవి ఎత్తి, బొటనవేలితో తడిమి చూశాడు. ఆ వేలు అంత మెత్తగా కదలగలదని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

"నెలల తరబడి కూడగట్టిన నమ్మకం. ఒక్క గుంజుడుతో పోగొట్టావు. పాపం, నోరులేని జీవి, చెప్పుకోగలదా?"

"అది చెప్పుకోలేదు. నేను చెప్పుకోగలను. అయినా పదకొండేళ్లూ చెప్పలేదు."



పక్క మైదానంలో స్వారీ నేర్పే పెద్దావిడ దగ్గర పేరు రాయించానని, రేపు పొద్దున్నుంచే క్లాసని ఆమె చెప్పింది. ఇంట్లో పనెవరు చేస్తారని అతను అడగబోయి, మాట మార్చాడు.

"నేనుండగా ఆవిడ దగ్గరెందుకు?"

"మీరు గుర్రాలకైతే మంచి గురువే" అంది ఆమె.