మూడిళ్ల వైఫై వంతు

2022 జూన్ 12, ఆదివారం, ఉదయం పది గంటలు. నందికొండ క్వార్టర్లలో రామచంద్రం వాకిట హాజరైనవారు నలుగురు: కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరైన రామచంద్రం, ఆయన కోడలు మమత, పక్కింటి విజేందర్, వరుస చివరింటి బిక్షమ్మ.

మూడిళ్లకూ ఒకటే వైఫై డబ్బా. దాన్ని రామచంద్రం తనకు తెలిసిన న్యాయంతోనే పంచాడు. ముప్పయ్యేళ్లు తూములెత్తి దించిన మనిషి. వారాబందీ, అంటే పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతి, ఆయన నరాల్లో ఇంకిపోయింది. ఇంటికి గంట వంతు. వంతు కానివాళ్లు నెట్టు బంద్ పెట్టుకోవాలి. అందరికీ సమానమే గదా అని ఆయన మురిసిపోయాడు.

చిక్కల్లా మమతకే వచ్చింది. ఇంట్లోంచే కంపెనీ ఫోన్లకు జవాబు చెప్పే కొలువు ఆమెకు అందేలా ఉంది. ఫోన్లు చేసేవాళ్లు వంతు చూసి చేయరు. వంతులు ఎత్తేసి చూస్తే గొంతు ముక్కలుముక్కలుగా పోతోంది.

“రేపు పదకొండింటికి కంపెనోళ్లు అరగంట ఫోన్ల మాట్లాడి పరీక్ష పెడ్తరు, మామా. నడుమ మాట తెగితే కొలువు లేదు.”

“బిక్షమ్మవ్వ లైను తీసేస్తె అయిపాయె,” అన్నాడు విజేందర్. “దూరపు ఇల్లు. ఆమె వీడియో పెడితే అందరిదీ నత్త లెక్క నడుస్తది.”

“సినిమాలు గుంజి గుంజి డబ్బాను అలగొట్టేటోనివి నువ్వు! రాయచూరుల ఉన్న నా బిడ్డ మొఖం చూసుడు నీకు బరువైందారా?” అని కసిరింది బిక్షమ్మ.

పాలిటెక్నిక్ చదివిన మమత అడ్డుపడింది. “అవ్వ తప్పేం లేదు. డబ్బా మన మాటల్ని, బొమ్మల్ని చిన్న చిన్న చిట్టీల లెక్క చేసి పంపుతది. అందరికీ లెక్కకు ఒక్కతీరు చిట్టీలిస్తాంది. అవ్వ చిట్టీ దూరంకెల్లి నిదానంగ వచ్చేదాంక మనం ఆగుతున్నం. చిట్టీలు కాదు, టైం సమానం చెయ్యాలె. అదీ గంటలు కాదు. రెప్పపాటుల ఎన్నో వంతులు తిరగాలె.”

“అంటే నా గంట తప్పా?” రామచంద్రం ముఖం చిన్నబోయింది.

“వరి నాలుగు దినాలు ఆగుతది, మామా. మాట ఆగదు.”

ఆయన బిక్షమ్మ వైపు తిరిగాడు. “మరి అవ్వకు?”

“బొమ్మ జర మసకగ వస్తది. గొంతు తెగదు.”

“మసకైతేంది? నా బిడ్డను నేను గుర్తుపట్టనా?” అంది బిక్షమ్మ.

మమత డబ్బా సెట్టింగు మార్చింది. విజేందర్ సినిమా మొదలుపెట్టాడు, బిక్షమ్మ ఇంటికెళ్లి వీడియో కలిపింది. మమత లోపలి గదిలోంచి నెట్టు మీద మామకు ఫోను చేసి అంకెలు లెక్కపెట్టసాగింది. బయట గేటు దగ్గర ఆయన ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. వంద దాకా ఒక్క అంకె నలగలేదు.

“నా సినిమా రెండు నిమిషాలు లేటాయె,” అన్నాడు విజేందర్.

“హీరో సచ్చిండా? లేదుగా!” అంది తిరిగొచ్చిన బిక్షమ్మ.

సోమవారం అరగంటా మాట ఎక్కడా తెగలేదు. మధ్యాహ్నానికి కొలువు ఖాయమైంది. అప్పుడు రామచంద్రం తెల్లకాగితం తీసి, ఇకపై గంట వంతులు ఉండవనీ, చివరింటి లైను ఎవరూ తీయరాదనీ గుండ్రటి అక్షరాలతో రాశాడు. విజేందర్ గొణుగుతూ సంతకం పెట్టాడు. బిక్షమ్మ పేరంతా కూడబలుక్కుని రాసింది. అందరికన్నా కింద తన సంతకం చేసి, ఆయన కాగితాన్ని నాలుగు మడతలు వేసి బీరువాలో పెట్టాడు.