పద్నాలుగో అంశం

మనిషి కాలు ఇంకా పలక కిందే ఉంది. కంపెనీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చి ఫోటో తీశాడు. మనిషిని కాదు, తాడు ముడిని.

ఈ సంగతి కళ్ళారా చూసినవాళ్ళు పద్దెనిమిది మంది. ఏడంతస్తుల భవనం చుట్టూ పరంజా కట్టే జట్టు అది. మూడో అంతస్తు దగ్గర తాడు తెగి, నిలువెత్తు చెక్క పలక జారి, కింద నడిచి వెళ్తున్న ఒకావిడ మోకాలి మీద పడింది. ఎదురు వీధి షెడ్డులో బట్టలు కుట్టే ఆవిడ. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇంటికి వెళ్తోంది. జట్టువాళ్ళు పలక లేపారు. తలగుడ్డలు చింపి కట్లు కట్టారు. రాతక్క ఆవిడ తలను ఒళ్ళో పెట్టుకుంది. ఆఫీసరు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, ఫోను జేబులో పెట్టుకుని, అప్పుడడిగాడు.

"ఈ ముడి ఎవరిది?"

అది ఎడమచేతివాటం ముడి. జట్టులో ఎడమచేతివాటం ఒక్కడికే ఉంది, రాతక్క తమ్ముడికి. రాతక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి.

రాతక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది కాబట్టి జట్టు పెట్టిన పేరు. ఏ కాగితం వచ్చినా ఆమె చదవాలి, ఆమె సరే అంటే మిగతావాళ్ళు వేలిముద్ర వేయాలి. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఈ పనికి ఒప్పంద పత్రం వచ్చిన రోజున అది పదకొండు పేజీలు ఉంది. కూలి ఎంత, గంటలెన్ని, సెలవెప్పుడు అన్నవి మొదటి మూడు పేజీల్లోనే ఉన్నాయి. పక్కన ఆఫీసరు తొందర పెడుతున్నాడు. రాతక్క మూడు పేజీలు చదివి, "బాగానే ఉంది, వేసెయ్యండి" అంది. ఆ మాటను తలుచుకుని ఇప్పుడు నాలుక కొరుక్కోవాలనిపించింది.

మర్నాడు ఉదయం ఆఫీసరు రెండు కాగితాలు తెచ్చాడు. మొదటిది పాత ఒప్పందం నకలే, తొమ్మిదో పేజీ పైకి మడిచి ఉంది. గొంతు సవరించుకుని చదివాడు.

"అంశం పద్నాలుగు. పనివారి చర్య వల్ల మూడో పక్షానికి నష్టం కలిగి, సదరు పక్షానికి కంపెనీ పరిహారం చెల్లించినచో, ఆ మొత్తమును ఖర్చులతో సహా పనివారి నుండి ఉమ్మడిగానూ విడివిడిగానూ రాబట్టుకొను హక్కు కంపెనీకి కలదు."

"తెలుగులో చెప్పు బాబూ," అన్నాడు జట్టు పెద్దాయన.

"తెలుగే కదయ్యా! ఆవిడకి మేం ఇచ్చేదంతా మీ దగ్గర వసూలు చేస్తాం. పద్దెనిమిది మందీ కట్టాలి. ఒకడు పారిపోతే వాడి వాటా కూడా మిగతావాళ్ళదే."

రెండో కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. ప్రమాదం నా ముడి జారటం వల్లే జరిగింది, తప్పు పూర్తిగా నాదే. కింద ఒక్క సంతకానికి మాత్రం చోటు.

"ఒక్కడు దీని మీద వేలు పెడితే మిగతా పదిహేడు మందినీ వదిలేస్తాం. ఇవాళ సాయంత్రం నాలుగింటి దాకా చూస్తాను. ఈలోపు ఆ కుట్టుపని ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు. అది కూడా అందులోనే ఉంది. మాట్లాడితే పని ఉండదు, జైలుంటుంది."

కాగితాలు అక్కడే పడేసి అతను వెళ్ళాక సిమెంటు బస్తాల గదిలో జట్టంతా కూర్చుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. చూస్తే ఆ చూపు చివరికి ఎడమచేతివాటం కుర్రాడి మీదికే పోతోంది మరి.

ఇటుకలు మోసే వదిన ముందుగా బయటపడింది. "నాకు ముగ్గురు పిల్లలు. కడుపు కట్టుకుని వేసుకున్న రేకుల ఇల్లు. నేను చెప్పలేను బాబూ, నాకు భయంగా ఉంది. వాడు వేలు పెట్టేస్తే..."

"పెట్టేస్తాను," అన్నాడు తమ్ముడు. "నా ఒక్కడితో పోతుంది కదక్కా."

"నోర్మూసుకో!" అని అరిచింది రాతక్క. అరిచాక ఏడుపొచ్చింది. "తప్పు నాది. నేను మూడు పేజీలే చదివాను. మిగతా ఎనిమిది చదవకుండానే మీ అందరి చేతా వేలిముద్రలు వేయించాను. తిట్టండి, కొట్టండి. కానీ ముందు ఇది పూర్తిగా విందాం."

ఎవరో తిట్టారు కూడా. మొహమాటపడలేదు. ఆమె కన్నీళ్ళు తుడుచుకుని తొమ్మిదో పేజీ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మూడో పక్షంతో వ్యవహారమంతా కంపెనీయే నడుపును. మూడో పక్షంతో పనివారు సంభాషించరాదు. పేజీ తిప్పింది. అక్కడ, ఆఫీసరు నోట రానిది, చీమంత అక్షరాల్లో ఉంది.

"కంపెనీ సరఫరా చేసిన సామగ్రి లోపము వలన కలిగిన నష్టమునకు ఈ అంశము వర్తించదు."

"మళ్ళీ చదువు," అన్నాడు పెద్దాయన.

మళ్ళీ చదివింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. కొత్త తాడు వస్తే మెలి విప్పి లోపలి పోగును వాసన చూడనిదే జట్టులో ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఆ వాసన చూసే ముక్కు ఆయనదే. "ఆ తాడు నేను చూశాను కదమ్మా! లోపలంతా బూజు కంపు. ఇది వద్దు, ఇంకోటి తెప్పించమన్నాను. ఇదే ఉంది, కట్టండి, లేకపోతే నడవండి అన్నాడు. అందరూ విన్నారా లేదా?"

"విన్నాం," అన్నారు. ఇటుకలు మోసే వదిన కూడా అంది.

"మరి వాడికి ఈ సంతకం ఎందుకంత తొందర?"

రాతక్కకు అప్పుడు వెలిగింది. "సంతకం పడితే తప్పు ముడిది. పడకపోతే తప్పు తాడుది."

ఇది చదువుకునే పిల్లలూ, పనిచేసే అన్నలూ గుర్తుపెట్టుకోవాల్సిన చోటు. ఆ క్షణంలో ఆ గదిలో ఎవరికీ ధైర్యం రాలేదు. వచ్చిందని చెబితే అబద్ధం. భయం రెండింతలైంది. నిజం తెలిశాక ఊరుకోవడానికి లేదు, కదలాలంటే కాళ్ళు రావు. వెళ్ళి ఆ కుట్టుపని ఆవిడకు చెప్పాలి అన్నారు కొందరు. చెబితే పని పోతుంది అన్నారు ఇంకొందరు. అరుచుకున్నారు, పాత పగలు తవ్వుకున్నారు. చివరికి ఇటుకలు మోసే వదిన లేచి చెప్పులేసుకుంది. "ఇంకాసేపు కూర్చుంటే నేను రాను. పోతే ఇప్పుడే పోదాం."

తెగిన తాడు కొసను పెద్దాయన బొడ్లో దోపుకున్నాడు. పద్దెనిమిది మందీ ఆస్పత్రికి నడిచారు.

"ఇదేమన్నా బస్టాండా?" అని నర్సు కసిరింది. కుట్టుపని ఆవిడ మంచం చుట్టూ ఆమెతో కలిసి పనిచేసే ఆడవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. మోకాలి కింద కాలు లేదు. జట్టును చూడగానే ఆవిడ ముఖం గట్టిపడింది.

"మీరేనా? మెషిను తొక్కే కాలే తీసుకున్నారు కదయ్యా. ఇంకేం కావాలి?"

తమ్ముడు గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. రాతక్క ఒప్పంద పత్రం ముందుకు చాచింది. "మీతో మాట్లాడకూడదని రాశారు," అంది. "ఇందులో మీ పేరు మూడో పక్షం."

"నన్నడక్కుండా నాకు పేరు పెట్టడానికి వాడెవడు?" అంది ఆవిడ. పక్కనున్న వాళ్ళలో ఒకామె నవ్వింది, వెంటనే నోటికి కొంగడ్డం పెట్టుకుంది. "నిన్న వచ్చాడు మీ ఆఫీసరు. తప్పంతా కూలీలదే, వాళ్ళ దగ్గర పైసా రాదు, ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టెయ్యి అన్నాడు. తలనొప్పిగా ఉంది, రేపు రమ్మన్నాను."

పెద్దాయన తాడు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకు దారాల సంగతి తెలుసు. కొసను గోటితో గీరింది. పోగు పిండిలా రాలింది.

"ఈ దారంతో మేం గుండీ కూడా కుట్టం," అంది. "రాయమ్మా. నా దావా కంపెనీ మీదని రాయి. వీళ్ళంతా నా సాక్షులని రాయి."

రాతక్క రాసింది. కింద సాక్షులుగా పద్దెనిమిది వేలిముద్రలు పడ్డాయి. తడి ఆరకముందే పోలీసులు వచ్చారు. వెనకాల ఆఫీసరు. మాట్లాడినందుకు జైలు లేదని అతనికీ తెలుసు. అందుకే తాడు దొంగతనమని ఫిర్యాదు ఇచ్చాడు.

"కంపెనీ సొత్తు ఎవరు తెచ్చారు?"

పెద్దాయన కదలబోయాడు. రాతక్క ఆయన్ని వెనక్కి నెట్టింది. "నేనే," అంది. తాడును ఇమ్మని ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. కుట్టుపని ఆవిడ దాన్ని దుప్పటి కింద తెగిన కాలి పక్కన పెట్టుకుంది. "వచ్చి తీసుకో," అంది. అతను తీసుకోలేకపోయాడు.

నాలుగు గంటలైంది. ఎవరూ సంతకం పెట్టలేదు. ఠాణాలో ఊచల వెనక రాతక్క మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. బయట గేటు దగ్గర గోల వినిపిస్తోంది. తమ్ముడి గొంతు, వదిన గొంతు, కుట్టుపని షెడ్డు ఆడవాళ్ళ గొంతులు, తనకు తెలియని గొంతులు ఎన్నో. వేరే భవనాల జట్లు కూడా పని ఆపి వచ్చాయని కాపలా ఉన్న కానిస్టేబులమ్మ చెప్పింది.

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, జేబులోంచి మడతలు పడ్డ కాగితాలు తీసింది.

"మమ్మల్ని కూడా పదకొండు నెలల ఒప్పందం మీదే తీసుకున్నారక్కా. బండి పాడైనా, ఎవరికైనా దెబ్బ తగిలినా మా దగ్గరే రాబడతారట. ఇది కొంచెం చూస్తావా?"

"నీకు చదువొచ్చు కదమ్మా?"

"వచ్చు. ఒక్కదాన్నే చదవాలంటే భయమేస్తోంది."

"నాక్కూడా భయమేనమ్మా," అంది రాతక్క. "ఇలా కూర్చో."

ఊచలకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. గేటు దగ్గర జనాన్ని నెట్టడానికి మనుషులు చాలడం లేదు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబులమ్మను రెండుసార్లు కేకేశాడు, మూడోసారి తిట్టాడు. ఆమె లేవలేదు.